చార్జింగ్ అయ్యేదాకా

"ఈ కొత్త బ్యాటరీతో ఆరే నిమిషాలు సార్. మీరు మంచినీళ్ళు తాగి వచ్చేలోపు చార్జింగ్ అయిపోతుంది," అంది సేల్స్ అమ్మాయి.

ఆయన తల ఊపాడు. తన పాత కారుకి ప్లగ్ పెట్టి, చార్జింగ్ స్టేషన్ వెయిటింగ్ గదిలో ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. గోడమీద తెర ఇంకా నలభై నిమిషాలని చూపిస్తోంది.

ఆమె ఉద్యోగంలో చేరి నెల కాలేదు. నెలాఖరులోగా కొత్త బ్యాటరీ ఒక్కటైనా అమ్మకపోతే తీసేస్తామన్నారు. అందుకే వదల్లేదు. గబగబా చార్జింగ్ ఎక్కిస్తే పాత బ్యాటరీ ఎందుకు వేడెక్కుతుందో, కొత్తది ఎందుకు వేడెక్కదో కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నాకొద్దమ్మా. పాతదే బాగుంది," అన్నాడు. గొంతులో విసుగు లేదు, ఏమీ లేదు.

ఇంతలో ఆయన నుంచి విడిపోయిన భార్య ఏడేళ్ళ పాపని తీసుకుని వచ్చింది. పాప తండ్రి పక్కన కూర్చుని బూటు లేసు విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది. ఆయన ఆ వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు.

తల్లి బయటే నిలబడింది. ఆయనకి మీరైనా చెప్పండి మేడం అని సేల్స్ అమ్మాయి బతిమాలింది. లాభం లేదంది ఆవిడ. ఏళ్ళ తరబడి ఆయనకి ఇంటి మొహం చూసే తీరికే దొరకలేదనీ, పాప పుట్టిన రోజున కూడా రాలేదనీ, ఇప్పుడు ప్రతి శనివారం పిల్లని చూస్తానంటే తనే ఒక గడువు పెట్టాననీ ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"కారు చార్జింగ్ అయ్యేదాకా. అంతే."

అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆయన్ని మళ్ళీ అడగలేదు.

బీప్ మోగింది. పాప లేచి, "వెళ్ళొస్తా నాన్నా," అని తల్లి చెయ్యి పట్టుకుంది. ఆయన ప్లగ్ తీసి, వైరు చుట్టి తగిలించి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

సోమవారం కొత్తగా చేరినవాళ్ళందరినీ కంపెనీ శిక్షణకి పిలిచింది. ఆ అమ్మాయి వెనక వరసలో కూర్చుంది. ఇంతవరకూ ఒక్క బ్యాటరీ అమ్మలేదు. ఎందుకో దిగులు కూడా కలగలేదు. ఈ బ్యాటరీ కోసం తొమ్మిదేళ్ళు ల్యాబులోనే గడిపి, దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఇప్పుడు మాట్లాడతారన్నాడు మేనేజరు. అందరూ చప్పట్లు కొట్టారు.

వేదిక ఎక్కింది ఆ పాప తండ్రే.