తోడల్లుడి పాత కెమెరా

మా మరదలు అటక సర్దుతూ మొగుడి పాత కెమెరా తీసి, "బావా, మీ పాత కెమెరాల చెత్తలో ఇదీ పడేసుకోండి," అని నాకిచ్చింది. చీకటిగదిలో తెరిస్తే లోపల కడగని ఫిల్ము రోలుంది.

మా తోడల్లుడు మొదట మా పెళ్లికి ఫొటోలు తీయడానికి వచ్చినవాడే. కెమెరాలో రోలు వేయడం మరిచిపోయానని చివర్లో చేతులెత్తేశాడు. మా ఆవిడ ముప్పై ఏళ్లుగా అతన్ని "మతిమరుపు మొహం" అని తిడుతూనే ఉంది.

రోలు కడిగించాను. మా పెళ్లే. ముప్పై ఆరు ఫొటోల్లోనూ మా ఆవిడే ఉంది. నాది రెండింట్లో మోచెయ్యి పడింది.

మా ఆవిడ అన్నీ చూసి, మళ్లీ మొదటినుంచి చూసింది.

"చెల్లికి చెప్పకండి," అంది.

"మరి అతనొస్తే?"

"నేను మామూలుగానే తిడతాను. మానేస్తే దానికి అనుమానం రాదూ!"