మూడు తరాల మందారం

"అచ్చం ఇలాంటిదే కావాలండీ," అంటూ కొత్తకోడలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

నర్సరీ ఆయన వంగి చూశాడు. "అమ్మా, ఇది పుల్ల."

"పోయిన వారం దాకా మందారం మొక్కేనండీ."

"ఏం చేశారేమిటి దీన్ని?"

నీళ్ళు పోసింది. పొద్దున్నే ఆకు మీద బొట్లు జారుతూ, ఒకదాన్నొకటి కలుపుకుని, కొసన క్షణంసేపు వేలాడి రాలడం చూడ్డానికి పోసింది. మధ్యాహ్నం ఆ బొట్టులో ఎదురిల్లు తలకిందులుగా కనిపిస్తుందని పోసింది. సాయంత్రం ఆ వింతలన్నీ మొగుడికి చూపించడానికి మళ్ళీ పోసింది. పెళ్ళయిన మూడు నెలల్లో ఆ బాల్కనీలో ఆమె కనిపెట్టని అద్భుతం లేదు. సాలీడు తన పాత గూడును తానే మింగి కొత్తది అల్లుకోవడం చూసింది. చీమలు దారిలో ఎదురైతే ఆగి, మూతులు ఆనించి పలకరించుకోవడం చూసింది. వేళ్ళు కుళ్ళిపోవడం ఒక్కటే చూడలేదు.

పోనీ, అది మామూలు మొక్కా అంటే కాదు. కొత్త కాపురం పెట్టిన రోజున అత్తగారు స్వయంగా మోసుకొచ్చి ఇచ్చింది. "మా అత్తగారి చేతి చెట్టు కొమ్మ నాకు, నా చెట్టు కొమ్మ నీకు. మూడు తరాల మందారమమ్మాయ్. నెత్తురంత ఎర్రగా పూస్తుంది. ప్రాణంగా చూసుకో."

పెద్దకోడలికీ ఆరేళ్ళ క్రితం ఇలాగే ఇచ్చింది. అది ఎండిపోతే ఆ అమాయకురాలు ఉన్నమాట చెప్పేసింది. అప్పట్నుంచీ ఆమె ఏం వండినా, ఏం కుట్టినా అత్తగారిది ఒకటే మాట. "మందారాన్ని చంపిన చెయ్యి కదా!"

"మా అత్తయ్య ఎల్లుండే వస్తున్నారు," అంది కొత్తకోడలు ఏడుపు గొంతుతో.

నర్సరీ ఆయన వెతికి వెతికి ఒక మొక్క తెచ్చాడు. "ఎత్తు ఇంతే, ఆకూ ఇదే, పైగా మొగ్గ కూడా వేసింది. ఇందులో రకాలున్నాయమ్మా... వింటున్నారా?"

"ఆఁ, ఆఁ."

ఆమె వినడం లేదు. ఆ మొక్క మీద నల్లచుక్కల ఎర్ర పురుగొకటి రెక్కలు విప్పబోతోంది. ఆరు చుక్కలా, ఏడా అని లెక్కపెడుతోంది.

ఇంటికి తెచ్చి పాత కుండీలోనే నాటింది. మొగుడికి మాత్రం చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అందులోనూ వాళ్ళమ్మ దగ్గర. ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. ఊళ్ళోవాళ్ళ చూపులో తప్పులు పట్టే ఆ మనిషి కొత్త మొక్క ముందు నిలబడి, "మన మందారం కాస్త ఒళ్ళు చేసింది కదూ!" అన్నాడు.

అత్తగారు వస్తూనే సంచి కూడా దించకుండా బాల్కనీలోకి నడిచింది. చిటికెడు మట్టి తీసి వాసన చూసింది. ఆకు తిప్పి చూసింది.

"నీళ్ళెన్నిసార్లు పోస్తున్నావమ్మాయ్?"

"ఇప్పుడు ఒక్కసారే అత్తయ్యా."

"ఇప్పుడు," అని తలూపింది అత్తగారు. తర్వాత కొడుకును పిలిచింది. "ఆ కాడ ఒంపు చూడరా. అచ్చం మీ నాయనమ్మ నడుమే!"

"అవునమ్మా, అచ్చం అంతే!" అన్నాడాయన. ఆయన పుట్టేనాటికే ఆ నాయనమ్మ పోయింది.

అంతటితో ఆగలేదు. పెద్దకోడలికి ఫోన్ కలిపింది. "చిన్నది ఎలా పెంచిందో వచ్చి చూడు. నువ్వూ ఉన్నావు, ఎందుకూ!" అవతలి వైపు నిశ్శబ్దం.

మూడోరోజు పొద్దున మొగ్గ విచ్చింది. బాల్కనీలోకి అడుగుపెట్టిన కొత్తకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. పసుపు! నిగనిగలాడే నిమ్మపండు పసుపు. ఒంటినిండా పుప్పొడి పూసుకున్న తేనెటీగ ఒకటి ఆ పువ్వులోంచి వెనక్కి నడుచుకుంటూ వస్తోంది. ఇంకో రోజైతే ఇల్లంతా పిలిచి చూపించేది. ఇవాళ ఆ పువ్వును తుంపేద్దామని చెయ్యి చాచింది.

"పూసిందా అమ్మాయ్?" వెనకాలే అత్తగారు. ఆమె వెనకాల మొగుడు.

"అమ్మా, ఎరుపు కదా ఉండాలి?" అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆయన సొంతంగా గమనించిన మొదటి విషయం అదే. దానికీ ఇదేనా వేళ అనుకుంది పెళ్ళాం.

అత్తగారు పువ్వును చాలాసేపు చూసింది. "కొత్తచెయ్యి పడితే తొలిపువ్వు రంగు మారుతుందిరా. ఈ వంశం మందారాల గుణమే అంత. నా చేతిలో మొదట తెల్లగా పూసింది, మీ నాయనమ్మ బతికుంటే చెప్పేది. ప్రకృతి వింతలు నీ కళ్ళజోళ్ళకేం తెలుస్తాయి!"

ఆయన పరవశించిపోయి పద్నాలుగు ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాడు.

సాయంత్రం అత్తగారి ప్రయాణం. మొగుడు సామాను పట్టుకుని కిందికి దిగాడు. ఇక కొత్తకోడలు ఉండబట్టలేకపోయింది. మొక్క కన్నా పెద్దకోడలి మౌనమే ఎక్కువ గుచ్చుతోంది.

"అత్తయ్యా, మీకో నిజం చెప్పాలి. అక్కను ఊరికే..."

"చెప్పకు," అంది అత్తగారు చెప్పులు తొడుక్కుంటూ. "నిజం చెప్పి అది ఏం బావుకుంది?"

మెట్ల వైపు ఓసారి తొంగిచూసి, కోడలి చెవి దగ్గరకొచ్చింది.

"ఈసారి మొగ్గ కొస విప్పి, లోపల రంగు చూసి మరీ తెచ్చుకో. నేనూ చూడకుండానే కొన్నాను."