పేరు లేని కుర్బానా

"బలి అయిపోయిందా అన్నా?"

చర్చి మెట్ల మీద గొడుగు దులుపుకుంటూ అడిగాడు ఆ కొత్త మనిషి.

గంట కొట్టే వర్కీ అతన్ని ఎగాదిగా చూశాడు. బట్టతల, ఉప్పుగాలికి నల్లబడిన ఒళ్ళు, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ.

"సముద్రం వైపు నుంచా? మీరు బలి అంటారు, మేం కుర్బానా అంటాం, పూజ ఒకటే. ఇంకా అవలేదు. ముందు ఆ లుంగీ కిందికి దించు."

అతను లుంగీ దించుకుని, లోపలికి వెళ్ళి చివరి బల్ల వెనక నిలబడ్డాడు.

పీఠం దగ్గర ఫాదర్ ప్రార్థిస్తున్నారు.

"తెరేసా అనే బిడ్డను వరద నీళ్ళలోంచి ఎత్తి, తాను మునిగిపోయిన నీ సేవకునికి శాంతినివ్వు ప్రభూ. అతని పేరు నీకు తెలుసు."

ముందు వరసలో అన్నంకుట్టి కళ్ళు మూసుకుంది. ఆ చివరి మాట ఆమెకు ముల్లులా తగులుతుంది.

కూతుర్ని బతికించిన మనిషికి ఆరేళ్ళుగా ఆమె కుర్బానా చెప్పిస్తోంది. అతని పేరు మాత్రం తెలియదు. శిబిరాల్లో అడిగింది, రేవుల్లో అడిగింది. ఆ రోజు వచ్చిన పడవవాళ్ళే, "అతను మా ఊరివాడు కాదమ్మా, దారిలో ఎక్కాడు" అన్నారు.

పేరు పెట్టి పిలవకపోతే కన్నబిడ్డలే పలకరు. పేరు లేని ప్రార్థన అతనికి ఎలా అందుతుంది?

కుర్బానా అయ్యాక, పక్క హాల్లో ఊరందరికీ అన్నంకుట్టి పెట్టే అప్పం, కూర. కొత్త మనిషి కూడా ఒక బల్ల చివర కూర్చున్నాడు.

"ఎవరి తాలూకు?" ఎదురుగా ఉన్న ముసలి కుంజేప్పు అడిగాడు.

"ఎవరి తాలూకూ కాదు. ఓ జాలరికి ఇక్కడ ఏటా బలి చెప్పిస్తారని మా రేవులో చేపల బండివాడు చెప్పాడు. వచ్చాను."

"వచ్చి, చచ్చినవాడి పేరు చెప్పి తింటున్నావు. కాస్త ఏడ్చి తిను."

"రెండు అప్పాలకి ఎంత ఏడవాలి పెద్దాయనా?"

బల్లంతా నవ్వింది.

"నవ్వులాట కాదు," అన్నాడు కుంజేప్పు. "మహానుభావుడు. ఏడడుగుల మనిషి. తెడ్ల లాంటి చేతులు."

"నువ్వు చూశావా?"

"నేనెక్కడ! మా చెల్లెలి మేడ మీద వణుకుతూ కూర్చున్నాను. చూసినవాళ్ళు చెప్పారు."

"ఏడడుగులా!" అతనికి పొలమారింది.

తెరేసా గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు పద్నాలుగేళ్ళ పిల్ల. ఇందాకటి నుంచి అందరికీ తనే వడ్డిస్తోంది.

"ఏడడుగులు లేరు లెండి," అంది మెల్లగా. "నేను భుజాల మీద కూర్చున్నాను కదా, మొహం చూడలేదు. తలే కనిపించింది. ఒత్తుగా ఉంగరాల జుట్టు. రెండు చేతులా పట్టుకున్నాను."

"ఈయనైతే నీకు పట్టు దొరికేది కాదు," అన్నాడు కుంజేప్పు, ఎదుటి బట్టతల వైపు చూస్తూ.

అందరికంటే గట్టిగా అతనే నవ్వాడు.

"నన్ను పడవలోకి అందించగానే పెద్ద దుంగ కొట్టుకొచ్చింది," అంది తెరేసా. "ఆయన మళ్ళీ పైకి రాలేదు."

అతను నవ్వు ఆపాడు.

"నువ్వు తిన్నావా తల్లీ?"

"ఈ రోజు అందరూ తిన్నాకే తింటాను. ఆయన ఆ రోజు ఏమీ తినకుండానే పోయుంటారు."

"తిన్నాడులే."

"మీకెలా తెలుసు?"

"గంజి తాగకుండా జాలరి పడవెక్కడు. కూర్చో."

అతను పక్కకి జరిగి, గిన్నెలోంచి ఒక అప్పం తీసి ఖాళీ పళ్ళెంలో పెట్టాడు.

తెరేసా తల్లి వైపు చూసింది. అన్నంకుట్టి మొహం ముడుచుకుంది. ఎవరో దారిన పోయే మనిషి, పిల్ల మొక్కు చెడగొడుతున్నాడు.

"చల్లారిపోతుంది తల్లీ," అన్నాడతను.

ఎందుకో ఆ పిల్ల కూర్చుంది. తింది. ఇంకొకటి వేసుకుంది. అతను తన పళ్ళెం సంగతి మరిచిపోయి, ఆమె తినడమే చూస్తూ ఉండిపోయాడు.

రేవులో బోటు కూత వేసింది. అతను గబగబా చేయి కడుక్కుని, వెళ్తూ వెళ్తూ అన్నంకుట్టి ముందు ఆగాడు. ఏదో చెప్పబోయాడు.

"కడుపు నిండిందమ్మా," అన్నాడు చివరికి.

"సరే," అందామె ముక్తసరిగా, మొహం తిప్పుకుని.

కాసేపటికి వర్కీ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు.

"అన్నంకుట్టమ్మా, ఆ బట్టతలాయన మీకో మాట చెప్పమన్నాడు. బోటు కదిలాకే చెప్పాలట. మీ ఎదురుగా చెప్పడానికి సిగ్గట."

"అప్పంలో ఉప్పు తగ్గిందనా?" అన్నాడు కుంజేప్పు.

కిటికీలోంచి కాలువ కనిపిస్తోంది. బోటు అప్పటికే మలుపు తిరుగుతోంది.

"ఏమిటా మాట?" అంది అన్నంకుట్టి.

"వచ్చే ఏడాది కుర్బానాలో సిల్వెస్టర్ అని పేరు చదివించమన్నాడమ్మా, చనిపోయినవాళ్ళ కోసం చెప్పేదాంట్లో కాదట, బతికున్నవాళ్ళ కోసం చెప్పేదాంట్లో."