పాత తాడు

పడవ గట్టు చేరినా ముందువైపు తెరచాప సగం దిగి ఆగిపోయింది. దాన్ని దించే తాడు తెరచాప కొయ్య పైచివర కప్పీలో ఇరుక్కుంది.

"ఎక్కమ్మాయ్," అన్నాడు పడవ యజమాని.

"మీ భుజం నొప్పితో నన్ను లాగలేరు సార్. మీరే ఎక్కండి, నేను లాగుతాను."

ఆయన నడుముకి పట్టీ కట్టుకుని దానికి తాడు తగిలించుకున్నాడు. తాడు చుట్టే వించ్ తిప్పి, నలభై అడుగులు పైకి లేపి, తాడు బిగించి కట్టేశాను.

"తాడు గట్టిదేనా?" పైనుంచి అడిగాడు.

"మా అన్న ఎక్కిన తాడుకి జోడీయే సార్. ఇదీ అంతే పాతది."

పోయినేడు ఇదే కొయ్య మీంచి అన్న పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. ముడి సరిగ్గా వేసుకోలేదని, తప్పంతా చచ్చినవాడిదేనని ఈయన ఊరంతా చెప్పాడు.

ఇప్పుడు కొయ్యని కావలించుకుని వదలట్లేదు. "దించమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణం పెట్టాలంటే చేతులు వదలాలి సార్. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి, చాలు."

ఆయన గట్టు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"తాడు నలిగిపోయిందని మీ అన్న చెప్పాడు. ఏం కాదు, ఎక్కమని నేనే అన్నాను. ముడి ఊడలేదు, తాడే తెగింది."

"గట్టు మీదివాళ్ళకి వినపడలేదు."

ఈసారి అరిచి చెప్పాడు. అన్నతో కలిసి పనిచేసినవాళ్ళంతా గట్టు మీద తలలెత్తి చూశారు.

మెల్లగా దించాను. కాళ్ళు ఆనగానే పట్టీ విప్పి పారేశాడు.

ఆయన వేలాడింది కొత్త తాడుకే. పొద్దున నేనే మార్చి, మూడుసార్లు వేలాడి చూశాను. నిజం బయటపడకముందే మనిషి పడిపోతే నాకేం లాభం?