నంబరు ప్లేటు పందెం

సాయంత్రం నడకలో నాకూ మా ఆవిడకూ రోజూ ఒకటే పందెం. ఎదురొచ్చిన కారు నంబరు ప్లేటు మీది ఇంగ్లీషు అక్షరాలన్నీ ఉన్న పొడుగాటి మాట చెప్పాలి. ఓడినవాళ్లు ఇంటికెళ్లి టీ పెట్టాలి.

ఒకరోజు జడ్, క్యూ వచ్చాయి. నేను ఇంకా అక్షరాలు కూడదీసుకుంటున్నాను.

“జిక్విలిఫికేషన్” అంది ఆవిడ, తడుముకోకుండా.

“కోతలు కొయ్యకు. అలాంటి మాటే లేదు.”

“డిక్షనరీ చూసుకోండి, అనుమానాల సారూ!”

చూసే ఓపిక లేక టీ పెట్టాను.

ఆమె పోయిన నాలుగో నెలలో, ఆ గెలుపు రద్దు చేద్దామని డిక్షనరీ తీశాను. జడ్ పేజీ అంచున, పెన్సిలుతో, ఆమె గుండ్రటి చేతిరాత:

“జిక్విలిఫికేషన్: భార్య మాట నమ్మక, ఆలస్యంగా డిక్షనరీ తిరగేయుట.”

మాట ఉంది. టీ పెట్టడానికి లేచాను.