మూగావిడ పాడ్‌కాస్ట్

"మాట్లాడలేనివాళ్ళకి పాడ్‌కాస్ట్ ఏంటమ్మా!"

పాడ్‌కాస్ట్ పాఠాలు చెప్పే మాస్టారు పకపకా నవ్వాడు. ఎదురు కుర్చీలో కూర్చున్నావిడ నవ్వలేదు. మెడ చుట్టూ ఉన్న స్కార్ఫ్ సర్దుకుని, చేతిలోని చిన్న పుస్తకంలో రాసి చూపించింది.

'గొంతు కోశారు.'

మాస్టారి నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఆపరేషనా? తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

'నమ్మాను. కోశారు. అందరూ వినేలా బదులు చెప్పాలి.'

"అంటే పగ! అలా చెప్పండి మరి." మాస్టారు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "రాసిస్తే కంప్యూటరే చదువుతుంది, గొంతు లేకపోతేనేం? పది పాఠాల్లో నేర్పించేస్తా. ఆ డాక్టరు మళ్ళీ తలెత్తుకుని తిరగకూడదు."

పరాయివాడి మీద పగంటే ఎవరికైనా సరదానే.

మాస్టారిది మేడమీద గది. గోడల నిండా స్పాంజి ముక్కలు, కిటికీకి రెండు దుప్పట్లు. మైకులో రొద వస్తుందని ఫ్యాను వెయ్యడు. పాఠం చెప్పేటప్పుడు కూడా వెయ్యడు, అది అలవాటో పిసినారితనమో తెలీదు. చెమటలు కారిపోతున్నా ఆవిడ స్కార్ఫ్ తీసేది కాదు. రాగానే ఫోను బల్లమీద బోర్లా పెట్టి, పుస్తకం తెరిచేది.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. ఆ ముక్క ఒప్పుకోవాలి.

"ఫీడ్ అంటే బ్రహ్మవిద్య కాదమ్మా, ఒక చిట్టా. ఎపిసోడ్ పేరు, తారీఖు, ఆడియో ఎక్కడుందో దాని చిరునామా, అంతే. ఆ చిట్టాని నెట్‌లో ఒకచోట పెడతాం. వినేవాళ్ళ ఫోన్లలో ఉన్న యాప్‌లు మాటిమాటికీ వచ్చి చూసిపోతుంటాయి. కొత్త పేరు కనిపించిందా, పట్టుకెళ్ళి అందరి చెవుల్లో పడేస్తాయి."

'తర్వాత తీసేస్తే?'

"చిట్టాలోంచి తీసెయ్యొచ్చు. ఫోన్లలోకి దిగిపోయినదాన్ని ఎవడు తీస్తాడు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే తీసుకోలేం."

ఆవిడ ఆ సామెత రాసుకుని, దాని కింద రెండు గీతలు గీసింది.

ఉదాహరణకి ఎప్పుడూ తన షోనే చూపించేవాడు. పేరు 'కథలక్కయ్య'. నలభైవేల మంది వింటారు. ప్రతి సోమవారం ఉదయం పదకొండు గంటలకి "తలుపు దగ్గరికేసి కూర్చోండి, కథ మొదలవుతోంది" అంటుంది అక్కయ్య. ఆ గొంతు వినందే వాళ్ళకి వారం మొదలైనట్టుండదు.

'అక్కయ్య ఎవరు?' అని అడిగింది ఓ రోజు పుస్తకంలో.

"ఎవరూ లేరు!" మాస్టారు తొడ చరుచుకున్నాడు. "మొదట్లో ఒకావిడ ఉండేది. మొహం నేనూ చూడలేదు. తనే కథ రాసి, ఇంట్లోనే చదివి, ఆడియో పంపేది. నాలుగేళ్ళు నోరు మూసుకుని పనిచేసి, నా పేరు కూడా వెయ్యండని మొదలెట్టింది. ఆవిడ పాత ఆడియోలన్నీ కంప్యూటరుకి వినిపించా. నెల తిరక్కుండా, నేను రాసిచ్చింది చదివితే అచ్చం అక్కయ్యే! ఇక ఆవిడతో పనేముంది? దీనికి పేరూ అక్కర్లేదు, జలుబూ చెయ్యదు."

'ఆవిడ ఊరుకుందా?'

"నా గొంతు నాకిచ్చెయ్యమంది. ఎవరు నమ్ముతారమ్మా? ఆవిడ నోరు తెరిస్తే, అక్కయ్యని బాగానే అనుకరిస్తోందే అంటారు."

ఆవిడ 'నిజమే' అని రాసింది. కాగితం చిరిగేంత గట్టిగా రాసింది.

తొమ్మిదో పాఠం శనివారం వచ్చింది.

"ఫీడ్‌ని వేరేచోటికి మార్చాలనుకోండి. ఇదిగో, ఈ గడిలో కొత్త చిరునామా కొట్టి 'సరే' నొక్కితే చాలు. వినేవాళ్ళంతా మూటాముల్లే సర్దుకుని కొత్తింటికి వచ్చేస్తారు. ఇల్లు మారిన సంగతి వాళ్ళకే తెలీదు."

తన షో తెరిచి, ఆ గడిలో, ఆవిడ పాఠాల్లో తయారుచేసుకున్న ప్రాక్టీసు ఫీడ్ చిరునామా కొట్టి చూపించాడు. "సరే మాత్రం నొక్కకూడదు సుమండీ!"

అంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ మెట్లమీదికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ బుద్ధిగా రాసుకుంటోంది. తెరమీద గడి ఖాళీగా ఉంది.

"చెరిపేశారా? మంచి పని చేశారు."

సోమవారం ఆఖరి పాఠం అయిపోయింది. పుస్తకం, పెన్ను సంచిలో పడేసుకుని ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది.

"ఉండండమ్మా, పదకొండవుతోంది. అక్కయ్య ఎలా దిగుతుందో చూసి వెళ్ళండి. అన్నట్టు, ఆ డాక్టరు పని పట్టేదెప్పుడు?"

ఆవిడ గోడగడియారం వైపు వేలు చూపించింది.

ఫోను టింగుమంది. మాస్టారు దర్జాగా నొక్కాడు.

"తలుపు దగ్గరికేసి కూర్చోండి, కథ మొదలవుతోంది. ఇవాళ ఒక మాస్టారి కథ. నమ్మినావిడ గొంతు ఎలా కోశాడో, ఆయన నోటితోనే వినండి."

వెంటనే "ఎవరూ లేరు!" అన్న మాస్టారి కేక వినిపించింది, తొడ చరిచిన చప్పుడుతో సహా. ఫ్యాను తిరగని గదిలో ఆవిడ బోర్లా పెట్టిన ఫోను పట్టింది కదా, ప్రతి మాటా గంట కొట్టినట్టుంది.

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇది నేను రాయలేదే! ఫీడ్‌ని కొత్తింటికి ఎవరు మార్చారు?" అంటూ గబుక్కున ఫోను ఆపేశాడు.

ఫోను ఆగింది గానీ అక్కయ్య ఆగలేదు, గుమ్మంలో నిలబడి, చిన్న గాటైనా లేని మెడ మీంచి స్కార్ఫ్ విప్పుకుంటూ, మిగతా కథ చెబుతోంది.