చెంగి ముక్కు, తూనీగ కళ్లు

కుందేలు ఊరికే కూర్చున్నా దాని ముక్కు అదురుతూనే ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా పిల్లలూ?

ఒక చెరువుగట్టున కుందేళ్లూ మేకలూ వెలక్కాయతో బంతాట ఆడాయి. కుందేళ్లు గెలిస్తే వేసవి పచ్చిక వాటిది. లేకుంటే ఎప్పట్లాగే మేకలది. ఆటకో నియమం ఉంది. మనవాడు బంతి తన్నే క్షణానికి, గోలు కాచే మేకను వదిలేసి, మిగతావాటిలో ఆఖరున నిలబడ్డ మేకను మనం దాటి ఉండకూడదు.

చెంగి అనే కుందేలు ఆ మేక పక్కనే, సరిసమానంగా నిలబడింది. వెనక బంతి తన్నిన చప్పుడవగానే ఒక్క గెంతు గెంతి గోలు కొట్టేసింది.

"దాటింది," అన్నాయి మేకలు.

"దాటింది మీ గడ్డాలే," అన్నాయి కుందేళ్లు.

తీర్పు చెప్పే తాబేలు ఏమీ పాలుపోక, పైన ఎగురుతున్న తూనీగను అడిగింది.

"తన్నిన క్షణంలో చెంగి ముక్కు అదిరి, గడ్డిపోచంత ముందుకొచ్చింది. మరుక్షణమే వెనక్కి పోయింది," అంది తూనీగ.

గోలు చెల్లలేదు. పచ్చిక పోయింది. అయినా చెంగి తూనీగ కళ్లలోకి చూస్తే, వాటిలో చెరువంతా చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది.

"అంత చిన్నది కూడా చూశావా అక్కా! మరి నా గెంతు చూశావా?"

"చూశానే. నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నాయి, నీ నీడ ఒక్కటే నేలమీద పరిగెత్తింది. రెక్కలొచ్చినప్పటి నుంచీ ఎగిరేదాన్ని, నేనే రెక్క ఆడించడం మరిచిపోయాను. కానీ తాబేలు నన్ను అడిగింది నువ్వు దాటావా లేదా అనే."

ఇక లేస్తాను పిల్లలూ, మినపప్పు సగమే రుబ్బి వచ్చాను.